కాళ్ళకాడ చోటు

మా బావకి మందు బాగా పనిచేసింది. అక్కడే వచ్చింది గొడవ.

బావంటే నా మొగుడే, పేరు పరదేశి. ముందు మా అప్ప, నా తోడబుట్టిన అక్క, దేముడమ్మ మొగుడు. అప్ప కామెర్లతో పోతే నన్నిచ్చి సేసేరు. సచ్చిన సవితి పట్టకుండా ఉండాలని, పెళ్ళినాడే అప్ప పేరన ఓ బంగారు బిళ్ళ నా మెళ్ళో కట్టేరు. ఏటా అప్ప ఫొటో ముందర కొత్త కోక ఎట్టి, మొక్కి, అది నేనే కట్టుకుంటాను. ఇంతకన్నా ఏటి సెయ్యాల?

బావకి కేన్సరు ఎముకల్లోకి దిగిపోయింది. చెరుకు మోపు ఒంటిసేత్తో ఎత్తిన మనిషి, పక్కకి తిరగాలంటే గావుకేకలు పెట్టీవోడు. ఇంటికొచ్చి సూసే డాక్టరు రెజీనమ్మ మార్ఫిన్ మాత్రలు మొదలెట్టింది. కేకలు ఆగేయి. బావ నిద్దరోయేడు. నేనూ కడుపునిండా ఇంత తిన్నాను.

కొన్నాళ్ళకి, పట్టపగలు, బావ మంచం మీద కాళ్ళు ముడుచుకుని ఎవులికో చోటిచ్చేడు.

"ఒసే పైడితల్లీ, అప్పొచ్చింది. టీ ఎట్టు."

"ఏ అప్ప, బావా?"

"నీకెంతమంది అప్పలే!"

భయం భయంగా దగ్గిరికెళ్ళి సూసేను. కాళ్ళకాడ దుప్పటి తప్ప ఏటీ నేదు. పచ్చకోక కట్టుకుందన్నాడు. ఆ పచ్చకోక ఈ యేడు నేను అప్పకి ఎట్టిందే, ఇంకా మడత ఇప్పకుండా పెట్టెలో ఉంది. బావ దాన్ని సూడనే నేదు.

అక్కణ్ణుంచి రోజూ అదే వరస. గుసగుసలు, నవ్వులు. నాకు భయం పోయి కడుపుమంట పట్టుకుంది. నొప్పికి అరిసినప్పుడు నేను ఏడవనేదు, నవ్వితే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ కాపరంలో నాతో ఒక్కపాలైనా అలా నవ్వేడా? మనిషి ఇంకెన్నాళ్ళో ఉండడు. ఆ నాలుగు రోజులైనా నా మొగుడుగా ఉండాల, దాని మొగుడుగా కాదు. నాకు గావాల్సింది అంతే. "సచ్చి సాధిస్తన్నావేటే!" అని ఓనాడు ఆ ఖాళీ చోటు మీదకి టీ గ్లాసు ఇసిరేను కూడాను.

రెజీనమ్మ వచ్చినప్పుడు, సెప్పొద్దని బావ కళ్ళతోటే బతిమాలేడు. నేనాగుతానా? అంతా సెప్పేసేను.

"చేతులు ఉలికిపడుతున్నాయా?" అనడిగింది ఆవిడ.

"అవునమ్మా, గ్లాసు నిలవదు."

"కిడ్నీలు నీరసించాయి. బెల్లం పాకంలో మడ్డిలాగ, మార్ఫిన్ తాలూకు మలినం ఒంట్లో మిగిలిపోతోంది. అందుకే ఆ రూపాలు. మందు మారుద్దాం. నొప్పి మాత్రం రానివ్వను."

"మార్చకమ్మా," అన్నాడు బావ.

"నొప్పి వస్తుందనా?"

"కాదు," అని కాళ్ళకాడకి సూసేడు.

ఆవిడ బావ గుండె మీద చిన్న పట్టీ అతికించింది. మందు అందులోంచే మెల్లగా ఒంట్లోకి దిగుతాదంట. అది పనికెక్కేదాకా పాత మాత్రలు ఇంకో పూట ఇమ్మంది, పట్టీ మీద వేడి కాపడం పెట్టొద్దంది.

రెండు మూడు రోజులకి సేతులు కుదురుకున్నాయి. కేకలు నేవు, గుసగుసలూ నేవు. బావ కాళ్ళు బారజాపుకుని పడుకున్నాడు. గెలిసేననుకున్నాను. గంజి పడతా, ఉండబట్టలేక అడిగేను.

"రోజూ ఏటి మాటాడుకునీవోరు, మొగుడూ పెళ్ళాలూ?"

బావ నన్ను తేరిపార సూసేడు. ఆ కళ్ళల్లో తెలివి నిండుగా ఉంది.

"నాతో దానికేటి మాటలే? అంతా నీ గురించే. నీ సిన్నప్పటి అల్లరి సెప్తే నవ్వీవోణ్ణి. 'పైడికి నా మీద కోపమేటి? నేనొచ్చింది దాన్ని సూడ్డానికే. ఇటేపు తిరగదేటి?' అని రోజూ అడిగీది."

గంజి గిన్నె కింద పెట్టీసేను. అమ్మ పోయినకాణ్ణుంచి నాకు తల దువ్వింది అదే, అన్నం కలిపెట్టింది అదే. దాని మొగుడు నా మొగుడయ్యేక, నాకది సవితే అయిపోయింది. ఆ బిళ్ళ ముట్టుకున్నప్పుడల్లా భయపడ్డానే గానీ, అప్పా అని ఒక్కనాడు తలుసుకున్నానా!

"ఇప్పుడుందా, బావా?"

"నేదే."

"మళ్ళీ వస్తాదా?"

బావ తన కాళ్ళకాడకి సూసేడు. బయట గోవాడ రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు పోతంది. అది పోయేదాకా ఆగి, పెట్టెలోంచి పచ్చకోక తీసుకొచ్చేను. మంచం దగ్గిర నిలబడి, "అప్పా, నాకు కోపం నేదే. ఇటు తిరిగేనే, సూడే," అన్నాను.

బావ నా ఏపు సూసేడు. మెల్లగా కాళ్ళు ముడుచుకున్నాడు.