వాగు గట్టు చెట్లు

అడవి శాఖలో చెట్లకు ముద్ర వేసే పెద్దాయన టేపును ఛాతీ ఎత్తులో మాను చుట్టూ తిప్పి, కొసలు కలిపి, కొలత గట్టిగా చెప్పాడు. వెనకాల గుమాస్తా రాసుకున్నాడు. తర్వాత చెట్టు మొదలు దగ్గర అరచేతంత బెరడు చెక్కి, ముద్ర సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. తడి చెక్క మీద అంకె పడింది. ఇక ఆ చెట్టు కాగితం మిల్లుది.

ముప్ఫై నాలుగేళ్లుగా అదే పని. సుత్తి మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. గోళ్ల సందుల్లో పేరుకున్న జిగురు ఏ సబ్బుకీ లొంగలేదు. "నీ చెయ్యి పడితే చెట్టుకి నూకలు చెల్లినట్టే" అని భార్య ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడమే అతనికి తెలుసు. ఒక్క విషయంలో మాత్రం మొండిఘటం. వాగుకు ఇరవై అడుగుల లోపలి చెట్టును ముట్టేవాడు కాడు. నిబంధనా అదే. కొండ కింద అతని వీధంతా ఆ నీళ్లే తాగుతుంది.

పదకొండింటికి కొత్త ఫారెస్టు రేంజరు వచ్చాడు. మెత్తటి మనిషి. మిల్లుకు కలప చాలడం లేదని, నిబంధన సడలించారని కాగితం చూపించాడు.

"గట్టు మీదవాటికి కూడా ముద్ర వేసెయ్యి పెద్దాయనా."

"నీళ్లు పోతాయండి."

"పోతే బోరు వేయిస్తార్లే."

వేసవిలో ఊటను పట్టి ఉంచేది ఈ వేర్లేనని చెప్పబోయాడు. నోరు తెరిస్తే "సరేనండి" అని వచ్చింది. జీవితమంతా అలవాటైన మాట కదా, ముందు అదే దూకింది.

మధ్యాహ్నమంతా గట్టు వెంటే నడిచాడు. అరవై చెట్లు. కొలత చెప్పే గొంతు తగ్గుతూ వచ్చి, గుమాస్తా మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చింది. చివరి మాను దగ్గర టోపీ తీసి కొమ్మకు తగిలించి, కాసేపు కూర్చుంటానన్నాడు. గుమాస్తా తలెత్తకుండానే ఊఁ అన్నాడు.

కొలత ఎంతని రెండుసార్లు అడిగి, మూడోసారి దగ్గరికి వచ్చి చూశాడు. పెద్దాయన వేరుకు ఆనుకుని, నీళ్లలో కాళ్లు పెట్టుకుని, ఏదో వింటున్నట్టు తల పక్కకి వాల్చి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. శవాన్ని కొండ కిందికి దించాక, ఆ రోజు లెక్క ముగియాలి గనక, చివరి ముద్ర గుమాస్తానే వేశాడు.

నాలుగో రోజు కోతవాళ్లు వచ్చారు. కొమ్మకు వేలాడుతున్న టోపీ ఎవరిదని అడిగారు. మాను కూల్చాక టోపీని మోడు మీద బోర్లించి, గాలికి పోకుండా అంచు మీద రాయి పెట్టారు. వానకు నాని, ఎండకు బిగుసుకుని, అది తల ఆకారంలోనే ఉండిపోయింది.