మూఢంలో గృహప్రవేశం

ఇల్లు లేనివాళ్ళ కోసం ప్రభుత్వం కట్టించిన ఇంటికి కూడా ముహూర్తం కావాలట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది.

మా ఊరి బస్టాండు వెనక నిరాశ్రయుల వసతి గృహం కట్టారు. రంగులేశారు, మంచాలు, పరుపులు దించారు. రోగులకు ఒక నర్సు, మందుల గది, అన్నిటికీ నిధులు మంజూరయ్యాయని గోడ మీద గొప్పగా రాయించారు. నన్ను కేర్‌టేకర్‌గా పెట్టుకుని తాళంచెవి ఇచ్చి, తలుపు మాత్రం తియ్యొద్దన్నారు. శుక్రమూఢం నడుస్తోందట, మంచి పనులు మొదలుపెట్టకూడదట. అది పోయాక ఒక నాయకుడు వచ్చి రిబ్బను కత్తిరిస్తారు. ఆఫీసులో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. అప్పటిదాకా పరుపులు లోపల కవర్లలో వెచ్చగా ఉంటాయి, మనుషులు బయట మెట్ల మీద వణుకుతుంటారు.

ఆ మెట్ల మీదే చెన్నమ్మ పడుకునేది. వయసంతా పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసింది. ఊపిరితిత్తులు పాడై పని చేతకాకపోయేసరికి, బట్టీ పక్కన ఇచ్చిన గుడిసె కూడా పోయింది. మొన్న జ్వరమొస్తే నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పంపించేటప్పుడు డాక్టరు గారు, "దుమ్ములో, చలిలో పడుకుంటే ఈసారి బతకదమ్మా" అని నాతోనే చెప్పారు.

ఇంజనీరు హర్ష గారికి ఫోన్ చేశాను. "ఒక్క మంచం సార్. మూల గదిలో, ఎవరికీ కనపడదు."

"నీకేమన్నా పిచ్చా ఇష్రత్? శుభమా అని ఓపెనింగ్ పెట్టుకుంటే, మూఢంలో రోగిష్టి మనిషిని పడుకోబెడతావా? పెద్దాయనకి తెలిస్తే నా ఉద్యోగం పోద్ది."

ఆయన ఉద్యోగం పోకూడదు. ఆమె ప్రాణం పోతే మాత్రం ఫర్వాలేదు. ఫోన్ పెట్టేసి విసురుగా వెళ్ళి తాళం తీశాను.

"లోపలికి రా పెద్దమ్మా."

చెన్నమ్మ గడప ఇవతలే ఆగిపోయింది. "పాలు పొంగించారా అమ్మా?"

"లేదు."

"పాలు పొంగించకుండా కొత్తింట్లో ఎట్టా పడుకునేది? అరిష్టం గదా. వద్దులే, ఈడనే ఉంటా."

నాకు ఏడుపొక్కటే తక్కువ. "సచ్చిపోతావు పెద్దమ్మా! ఎవరికి అరిష్టమని నీకింత భయం?" అని అరిచాను. ఆమె దగ్గుతూ నిలబడిందే గానీ కాలు లోపల పెట్టలేదు. అటు ఆఫీసు, ఇటు ఈమె, అందరూ ఒకే మాట మీదున్నారు.

బజారుకెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చి, వంటగదిలో కొత్త పొయ్యి వెలిగించాను. మా ఇళ్ళలో ఈ ఆనవాయితీ లేదు. చెన్నమ్మే గుమ్మం బయటినుంచి చెప్పింది. "తూర్పుకి పొంగనీయమ్మా. మంట తగ్గించబాక."

పాలు పొంగాయి. అప్పుడు కుడికాలు పెట్టి లోపలికొచ్చింది. పరుపు మీద కవరు చించి పడుకోబెట్టాను.

మర్నాడు పొద్దున్నే హర్ష గారు ఊడిపడ్డారు. "ఎవర్నడిగి తీశావు? ముందు ఆమెను బయటికి పంపి తాళమెయ్యి!"

నేను నోరు తెరిచేలోపే చెన్నమ్మ లేచి కూర్చుని కొంగు సవరించుకుంది. "పాలు పొంగించాం సారూ. పొంగించినాక ఇంటికి తాళమెయ్యకూడదు, నిద్ర చెయ్యాల. ఖాళీ పెడితే మీ పెద్దాయనకే మంచిది కాదు."

మూఢమని తలుపు మూయించిన మనిషి ఈ మాట ఎలా కాదంటారు? హర్ష గారు తాళం సంగతి మళ్ళీ ఎత్తకుండా గుమ్మం వైపు నడిచారు.

నేను వెంటపడ్డాను. "మంచం సరే సార్. మరి నర్సు? మందులు?"

"అదంతా బడ్జెట్. ఓపెనింగ్ అయితేగానీ రిలీజ్ కాదు."

"రిలీజయ్యేదాకా దగ్గొద్దని చెప్పమంటారా ఆమెకి?"

ఆయన బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు. విసవిసా లోపలికొచ్చాను. చెన్నమ్మ దగ్గు ఆపుకుంటూ నన్నే కోప్పడింది.

"ఏందమ్మా, సారుకి కాసిని టీ నీళ్ళన్నా ఇయ్యకపోతివి? మనింటికి వచ్చినోళ్ళని ఊరికే పంపుతారా?"

ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు.