ఒకటి కుడిది, ఒకటి ఎడమది

ఇరవై రెండో భాగం దగ్గర మెర్విన్ పెన్సిలు ఆగిపోయింది.

అచ్చయిన కట్టలు ప్రెస్సు నుంచి వచ్చిన రోజు పొద్దున అతను చేసే పని ఎప్పుడూ ఒకటే. అప్పటిదాకా వచ్చిన భాగాలన్నీ బల్ల మీద వరసగా పరిచి, మొదటి బొమ్మ నుంచి ఆఖరి బొమ్మ దాకా పెన్సిలు మొన ఆనిస్తూ వెళతాడు. ఫ్రేము, ఇరుసులు, చక్రాలు, బాయిలరు. ప్రతి కొలతా పక్క బొమ్మలోని కొలతతో కలుస్తోందో లేదో చూసుకుంటాడు. అలా చూస్తూ మనసులోనే ఇంజను కట్టుకుంటాడు. ఎక్కడైనా తప్పు దొరికితే వచ్చే నెల ‘సవరణలు’ అన్న చిన్న పెట్టెలో అచ్చు వేస్తారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పద్ధతి.

ఈసారి వచ్చే నెల లేదు. బల్ల కింద పురికొసలతో కట్టి ఉన్న డిసెంబరు సంచికే ‘చిన్న ఆవిరి’ మాసపత్రికకి ఆఖరిది.

అతను అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు. మార్చి నెల సంచిక. పెరట్లో పట్టాలు పరుచుకుని నడుపుకునే ‘బ్రోల్గా’ అనే ఆవిరి ఇంజనుకి సిలిండరు బొమ్మ. అతను గీసిన గీతలన్నీ శుభ్రంగా ఉన్నాయి. కింద అతని చేతిరాతే: ‘రెండు చేయాలి.’ అంతే. ఒకటి కుడివైపుకి, ఒకటి ఎడమవైపుకి అన్న మాట లేదు. ఇన్ని నెలలూ పెన్సిలు దీని మీద నుంచే వెళ్లింది, కంటికి ఆనలేదు. ఆ బొమ్మ ప్రకారం రెండు చేస్తే రెండూ కుడివైపువే అవుతాయి. రెండూ కుడికాలి బూట్లే ఉన్న జతలాగ.

కింద టైర్ల దుకాణంలో గాలి యంత్రం గుర్రుమంటోంది. ఇప్స్‌విచ్‌లో నవంబరు ఆఖరంటే ఎండాకాలం, రేకు కప్పు కింద పదిగంటలకే ఒళ్లు జిగటగా అయిపోతుంది. మెర్విన్ ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు. కాగితాలు లేచాయి. మళ్లీ అటు తిప్పేశాడు.

రొవీనా మాంసం కూరిన రొట్టెలు రెండు, టీలు రెండు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పత్రిక ఆమె తండ్రిది. చిన్నప్పుడు ఈ గదిలోనే మెర్విన్ బల్ల కింద కూర్చుని బొమ్మలు వేసుకునేది. ఇప్పుడు ముప్పై ఆరేళ్ల మనిషి, సంపాదకురాలు.

“రొవీనా, తప్పొకటి దొరికింది.”

“ఆఖరి రోజు కూడా వదలవా నువ్వు?” అంటూ వంగి చూసింది. ఇంజన్లు కట్టుకునేవాళ్ల షెడ్ల మధ్య పెరిగింది కాబట్టి చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. “అయ్యో. రెండూ కుడివే చేసేస్తారు.”

“పాతవాళ్లు చెయ్యరు. కొత్తవాళ్లు చేస్తారు. పోత ఇనుము ఒకసారి కోశాక మళ్లీ అతకదు. మూణ్ణెల్ల పని మట్టిలో కలుస్తుంది.”

“సరే, ఇప్పుడే సైట్‌లో పెట్టేస్తాను. రెండు నిమిషాలు. కాగితం వదిలి సైట్‌లోకి వెళ్దామని నేను మొత్తుకునేది ఇందుకే కదా.”

“సైటు చూడనివాళ్లో?”

“ఈ రోజుల్లో చూడనివాళ్లెవరు మెర్వ్, నువ్వు తప్ప?”

మెర్విన్ చందాదారుల కార్డుల పెట్టె ఆమె ముందుకి జరిపాడు. మూడు వందల ఎనభై ఆరు కార్డులు. వాటిలో నూట నలభై రెండింటి మీద ఈమెయిలు గడి ఖాళీ.

“వీళ్లా? ముసలివాళ్లు, వీళ్లు ఎలాగూ...” అని ఆగిపోయింది రొవీనా.

“ఎలాగూ?”

“ఏం లేదు. టీ చల్లారిపోతోంది. పోనీ చీటీలు కొట్టించి లోపల పెడదామా?”

“చీటీ రాలిపోతుంది. లేత్ మిషన్ పక్కన మేకుకి తగిలిస్తారు వీళ్లు పత్రికని. బొమ్మ మీదే ఉండాలి. అన్నిటి మీదా చేత్తో రాస్తాను.”

“పోస్టు వ్యాను మూడింటికి వచ్చేస్తుంది.”

“తెలుసు.”

“నీకు మతి పోయింది,” అంది ఆమె, కోపం లేకుండానే. తన రొట్టె పట్టుకుని ముందుగదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి అక్కణ్ణించి వీడియోలో ఎవరో ఇత్తడి గొట్టం వంచడం గురించి గడగడా చెబుతున్న గొంతు వినబడింది.

మెర్విన్ మొదటి కట్ట విప్పాడు. పధ్నాలుగో పేజీ తీసి, మొత్తం ఇంజను బొమ్మ కింద నల్ల సిరాతో రాశాడు: ‘22వ భాగంలో నా తప్పు. సిలిండర్లు ఒకటి కుడిది, ఒకటి ఎడమది చేయాలి. అద్దంలో చూసినట్టు. మెర్విన్ టాల్బట్.’ ఊది, ఆరనిచ్చి, కాగితం చుట్టి, పేరు అంటించాడు. ఒకటి అయింది. గోడ గడియారం చూసుకున్నాడు. ఒక్కోదానికి నిమిషం కూడా లేదు.

పదో కాపీకి చెయ్యి దారిలో పడింది. రాస్తూ పేర్లు చూస్తున్నాడు. అన్నీ తెలిసిన పేర్లే, ఒకటో రెండో తప్ప మొహాలు తెలియవు. క్లాన్‌కరీలో రిటైరైన ఫిట్టరు. నార్ఫోక్ దీవిలో పాస్టరు. లౌటోకాలో చక్కెర మిల్లు పట్టాల మీద పనిచేసి మానేసిన అప్పన్న, ఏటా క్రిస్మస్‌కి ఓడ బొమ్మ ఉన్న కార్డు పంపుతాడు. వీళ్లందరి షెడ్లలోనూ మెర్విన్ గీసిన ఇంజన్లు ఉన్నాయి. మెర్విన్ దగ్గర ఒక్కటీ లేదు. రోజ్‌వుడ్‌లో అతనిది మేడ మీద రెండు గదుల ఇల్లు. లేత్ మిషన్ పెడితే నేల కూలిపోతుందని ఇంటివాడు మొదటి రోజే చెప్పాడు. షెడ్డున్న ఇల్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు చేతిలో ఉన్న ఇంజను పూర్తి కానీ అనుకున్నాడు.

ఇంజను పూర్తయ్యేది కాదు. అంటే, అయ్యేది. కానీ ఒక ఇంజను ఆఖరి మూడు భాగాలు వస్తుండగానే రెండో ఇంజను మొదటి భాగం మొదలుపెట్టాలి, లేకపోతే చందాలు జారిపోతాయి. రొవీనా తండ్రి పెట్టిన నియమం అది. ఒకప్పుడు నొరీన్ అనే ఆవిడ, పళ్ల డాక్టరు దగ్గర పనిచేసేది, టౌన్స్‌విల్ వెళ్లిపోదాం రమ్మంది. ‘ఐబిస్’ ఇంజను అయ్యాక వస్తానన్నాడు. ఐబిస్ అయ్యేసరికి ‘పెలికన్’ నాలుగో భాగంలో ఉంది. సగం చేసిన ఇంజన్లతో అయిదు వందల మందిని వదిలేసి ఎలా వెళ్లడం? “నీ ఇంజన్లకి ఆఖరి భాగం ఉండదు మెర్విన్,” అని ఆవిడ ఒక్కతే రైలెక్కింది. ఆ తర్వాత మరో ఏడు ఇంజన్లు గీశాడు. ప్రతిదానికీ మధ్యలో ఎక్కడో, ఇది అయ్యాక, అనుకున్నాడు. ఏమిటి అయ్యాక అన్నది రానురాను అస్పష్టమైపోయింది.

ఒంటిగంటకి నూట డెబ్భై అయ్యాయి. బొటనవేలు మొదట్లో నొప్పి మొదలైంది. రొట్టె అలాగే ఉంది, సాసు మీద తొరక కట్టింది. అక్షరాలు వంకర్లు పోతున్నాయి. మధ్యలో ఒకచోట ‘అద్దంలో’ అన్నది రాయడం మరిచిపోయి, చుట్టేసిన కాగితం విప్పి మళ్లీ రాశాడు.

ఫోను మోగింది. రొవీనా తీస్తుందేమోనని చూసి, తనే తీశాడు.

“పత్రిక ఆఫీసాండీ? నేను బుండబర్గ్ నుంచి జోస్లిన్‌ని. మా నాన్న పేరు మీద చందా ఉంది. ఆల్బీ నోలన్.”

“ఆల్బీ. తెలుసండీ. ఎలా ఉన్నారు?”

“పోయిన మంగళవారం పోయారు. నిద్రలోనే. పుస్తకం ఇంక పంపొద్దని చెబుదామని.”

మెర్విన్ చేతిలో పెన్ను అలాగే ఉంది. సిరా పేజీ మీద చుక్కగా దిగుతుంటే పైకి ఎత్తాడు. పదేళ్ల కిందట బుండబర్గ్ పార్కులో చిన్న రైళ్ల జాతర జరిగినప్పుడు ఆల్బీ తన చిన్న రైలుని అతణ్ణి నడపమన్నాడు. మెర్విన్ సిగ్గుపడి, మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుని, వెనక పెట్టెలో పిల్లలతో పాటు కూర్చున్నాడు.

“చాలా బాధగా ఉందండీ,” అన్నాడు. ఆ తర్వాత తెలిసిందొకటే అడిగాడు. “బ్రోల్గా ఎంతదాకా వచ్చింది?”

“నాకేం తెలుసు బాబూ! షెడ్డు నిండా ఇనుమే. ఎక్కడ కాలు పెట్టాలో తెలీదు.”

“సిలిండర్లు చేశారేమో చూస్తారా? పిడికిలంత ఉంటాయి. రెండు.”

ఇలాంటి సమయంలో అడగాల్సిన మాట కాదని అడిగాక తట్టింది. ఆవిడ ఫోనుతోనే షెడ్డులోకి నడిచింది. తలుపు చప్పుడు, కుక్క మొరుగు, స్విచ్చు వేసిన చప్పుడు వినబడ్డాయి.

“ఆ. ఉన్నాయి. నూనెగుడ్డలో చుట్టి పెట్టారు. విప్పమంటారా?”

“విప్పి పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకేలా ఉన్నాయా? లేకపోతే మీ రెండు చేతుల్లాగ, ఒకటి ఇటు, ఒకటి అటు?”

ఇనుము చెక్క మీద ఆనిన చప్పుడు.

“చేతుల్లాగే ఉన్నాయండీ. ఒకటి కుడిది, ఒకటి ఎడమది. ఇదుగో, మీ పుస్తకం మేకుకి వేలాడుతోంది. పెన్సిలుతో ఏదో రాశారు నాన్న. చదవనా? తిట్టుకోకండి మరి.”

“చదవండి.”

“‘ఇక్కడ మెర్విన్ కునుకు తీశాడు. రెండోది ఎడమది.’” ఆవిడ నవ్వబోయి ముక్కు చీదుకుంది. “ఆ, గుర్తొచ్చింది. ఉత్తరం రాయొచ్చుగా నాన్నా అన్నాను అప్పుడు. ఎవరో ఒకరు రాస్తార్లే, పాపం ఆయన్ని మనం కూడా ఎందుకు పొడవడం అన్నారు.”

మెర్విన్ నవ్వాడు. చాలా రోజులైంది అలా నవ్వి, గొంతు గరగరలాడింది. నవ్వు ఆగిపోయాక ఒక ఆలోచన వచ్చింది. ఇలా ఎన్నిచోట్ల, ఎన్ని షెడ్లలో, ఎంతమంది తన తప్పులు పెన్సిలుతో దిద్దుకుని ఊరుకున్నారో.

“మీరే మెర్విన్ కదూ? ఆ నవ్వు వింటే తెలుస్తోంది. ఈ సగం ఇంజను మీరు తీసుకెళ్తారా? పాత ఇనుము వాడికి ఇవ్వడానికి నాకు చేతులు రావట్లేదు.”

“నా దగ్గర చోటు లేదండీ,” అన్నాడు. మాట ఎంత తొందరగా వచ్చిందంటే, తనకే ఆశ్చర్యం వేసింది.

“సరే మరి. ఉంటానండీ.”

ఫోను పెట్టేశాక మెర్విన్ ఆల్బీ కార్డు తీసి పక్కన పెట్టాడు. అందరూ ఆల్బీల్లాంటి వాళ్లే అయితే మిగతావి రాయక్కర్లేదు. పెన్ను మూత పెట్టబోయాడు. పైనున్న కార్డు మీద పేరు కనిపించింది: నెరిడా కోల్, వింటన్. బడిలో పంతులమ్మ. పోయినేడు చందా కడుతూ రాసింది, ‘ఇది నా మొదటి ఇంజను. మా దగ్గర నెట్ వచ్చిన రోజు పండగ. మీరు గీసినట్టు గీసినట్టే చేస్తున్నాను.’

గీసినట్టు గీసినట్టే. మూత తీశాడు.

రెండున్నరకి రొవీనా గుమ్మంలో నిలబడి చూసింది. ఇంకా వంద పైన ఉన్నాయి. మెర్విన్ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాస్తున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని, ఒక కట్ట తన ముందుకి జరుపుకుంది.

“నీ సంతకం నేనే పెట్టేస్తున్నా.”

“పెట్టు. నీ రాత కోడి కెలికినట్టుంటుంది, నాది కాదని తెలిసిపోతుందిలే.”

“నీది మాత్రం? ఆ కడపటివి చూసుకో, తాగి రాసినట్టున్నాయి.”

వ్యాను పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. డ్రైవరు మెట్ల మీద నుంచి, “ఇంకా ఎంతసేపమ్మా, ముసలాయన ప్రేమలేఖలు?” అని అరిచాడు. ఆఖరి చుట్ట మీద పేరు అంటించేసరికి మూడూ ఇరవై. సంచులు దిగిపోయాయి. గది ఒక్కసారి పెద్దదైపోయినట్టు అనిపించింది. నేల మీద పురికొసలు తప్ప ఏమీ లేవు.

“సోమవారం స్కానరొస్తుంది,” అంది రొవీనా చేతులు విదిలించుకుంటూ. “పాత సంచికలన్నీ మొదటి నుంచీ సైట్‌లోకి ఎక్కించాలి. ఆర్నెల్లు పడుతుంది. వస్తావు కదా?”

“వస్తాను,” అన్నాడు మెర్విన్.

అయిదింటికి స్టేషనులో ఎప్పుడూ నిలబడే స్తంభం దగ్గర నిలబడ్డాడు. అవతలి ప్లాట్‌ఫారం మీదకి బ్రిస్బేన్ బండి వచ్చింది. అందులో వెళితే రోమా స్ట్రీట్ స్టేషనులో బుండబర్గ్ బండి అందుకోవచ్చు. రేపైనా, ఎల్లుండైనా. నేల కూలని షెడ్డు ఒకటి అద్దెకి దొరకదా, అరవై మూడేళ్లంటే ఏమంత. తలుపులు తెరుచుకున్నాయి. పైవంతెన మెట్లు ఇరవై ఎనిమిది. అతను ఒక అడుగు వేశాడు కూడా. సోమవారం స్కానరు వస్తుంది. తలుపులు మూసుకున్నాయి.

రోజ్‌వుడ్ బండి వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. గడ్డి మైదానాలు, ఎండిన వాగు, గేటు దగ్గర ఆగిన ట్రాక్టరు వెనక్కి పోతున్నాయి. ఆ సిలిండర్లని తుప్పు పట్టకుండా తిరిగి గుడ్డలో చుట్టమని జోస్లిన్‌కి చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. బుండబర్గ్‌లో ఆ బల్ల మీద అవి అలాగే, తాను పెట్టమన్నట్టే, పక్కపక్కన ఉండి ఉంటాయి. వాటి ముందు, ఆ ఇనుము ఆకారంలోనే ఇంకా ముడుచుకుని, నూనెగుడ్డ.