వింటి మోత

స్వరాజ్యం వచ్చిన రెండేళ్లకు, చలి మొదలయ్యే ముందు పట్టిన తుఫానుకు నాగులేరు పొంగి కారంపూడి దూదేకులవాళ్ల ఇళ్లలోకి వచ్చింది. మనుషులెవరూ పోలేదు. హజ్రా బీ ఇంట్లో వెనక గోడ పడింది, వాసానికి వేలాడే దూదేకే విల్లు కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక గోడ మళ్లీ లేచింది. ఆమె మొగుడు మౌలాలీ మాత్రం మంచం మీంచి లేవలేదు.

జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముద్దలు కలిపి పెడితే రెండు తిని చాలనేవాడు. పోనుపోను ఆ రెండూ ఒకటయ్యాయి. హజ్రా బీ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి కట్టింది. నాటుకోడి పులుసు కాచింది. చూడవచ్చినవాళ్లంతా ఒకటే మాట అనేవాళ్లు: "అందరూ బతికి బయటపడ్డారు గదా, ఇంకేంది దిగులు?" ఆ మాట వినగానే అతను దుప్పటి ఇంకాస్త పైకి లాక్కునేవాడు. ఇట్లాగే ఉంటే ఈ చలికాలం దాటడని ఆమెకు లోపల భయం పట్టుకుంది.

విల్లు పోయిన బెంగేమోనని మరిది కొడుకు బాజీ నరసరావుపేట నుంచి కొత్తది బండిలో వేసుకొచ్చాడు. "పెదనాయనా, లే! నువ్వు లేవకపోతే నేనే ఏకుతా. ఇక పల్నాడంతా దూది గడ్డల మీదే పడుకోవాల!" అని నవ్వించబోయాడు. మౌలాలీ కళ్లయినా తెరవలేదు. బాజీ విల్లును వాసానికి కట్టి, తల దించుకుని వెళ్లిపోయాడు.

దాన్ని చూసినప్పుడల్లా హజ్రా బీకి పెళ్లయిన కొత్త రోజులు గుర్తొచ్చేవి. పత్తి ఇళ్లకు చేరే కాలానికి ఇద్దరూ ఊళ్లు పట్టుకుని తిరిగేవాళ్లు. విల్లు అతని భుజాన, వంటసామాను మూట ఆమె నెత్తిన. వెల్దుర్తిలో మొదలుపెడితే క్రోసూరు దాకా పోయేవాళ్లు. ఊళ్లో అడుగుపెట్టి అతను తంతిని ఒక్కసారి మోగిస్తే చాలు, ఆడవాళ్లు పాత పరుపులు మోసుకుని అరుగుల మీదికి వచ్చేవాళ్లు. అతను ఏకుతుంటే దూది పొగమంచులా లేచేది. పక్కన కూర్చుని పరుపులు కుట్టే ఆమె జుట్టు సాయంత్రానికి తెల్లబడేది. "అప్పుడే ముసల్దానివైపోయావే" అంటూ ఒక్కొక్క పోగే ఏరేవాడు. "నలుగురూ చూస్తన్నారయ్యా" అని ఆమె సిగ్గుపడినా మానేవాడు కాదు.

ఒక పొద్దున పక్క వీధి రూతమ్మ, వరదలో తడిస్తే ఎండబెట్టిన దూది మూట తెచ్చి గుమ్మంలో దించింది.

"వదినా, నా కూతురు నేడో రేపో కనేట్టుంది. పసిబిడ్డను గడ్డల మీద పడుకోబెట్టమంటావా? అన్న లేవకపోతే నువ్వే ఏకు."

"ఆడాళ్లు విల్లు ముట్టకూడదు. మా మామ పెట్టిన కట్టడి."

"మీ మామ లేచొచ్చి అడుగుతాడా ఏంది? అడిగితే నన్ను పిలువు, నే చెప్తా."

రూతమ్మ వెళ్లాక హజ్రా బీ చాలాసేపు విల్లుకేసి చూసింది. తర్వాత కొంగు బిగించి, మూట విప్పి దాని కింద దూది పరుచుకుని కూర్చుంది. చెక్క గుండుతో తంతిని కొట్టింది. తంతి దూదిలో చిక్కుకుని రేకు డబ్బాలా చప్పుడు చేసింది. మళ్లీ కొడితే విల్లు ఊగి వచ్చి నుదుటికి తగిలింది. కళ్లనీళ్లు తిరిగాయి. పళ్లు బిగించి ఇంకోసారి కొట్టింది. ఈసారి ఆ పాత మోతే, పొడుగ్గా, ఇల్లంతా నిండింది.

"ఆగింది" అన్నాడు మౌలాలీ.

ఆమె గుండు కింద పెట్టింది. "ఏందయ్యా ఆగింది?"

"వాగు. ఆ రోజు కాణ్ణించి చెవుల్లో హోరు పోవట్లేదే. తింటున్నా అదే, కన్ను మూసినా అదే. అందరూ బతికినారంటుంటే, ఇంకా వాగు మీదికొస్తన్నట్టే ఉందని ఎవరికి చెప్పను?" గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "కొట్టు. మళ్లీ కొట్టు."

ఆమె కొట్టింది. సగం దెబ్బలు తప్పుతూనే ఉన్నాయి. అతను దుప్పటితోనే వచ్చి పక్కన కూలబడ్డాడు. విల్లు అందుకోలేదు. కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నాడు. గుమ్మంలో ఎండ తొలగే వేళకు కళ్లు తెరిచి, ఆమె తల మీదికి చెయ్యి చాపి, తడుముతూ ఆగిపోయాడు.

"ఏది దూదో ఏది జుట్టో తెలవట్లేదే."

"తెలిసిన కాడికి ఏరు" అంది హజ్రా బీ, మళ్లీ గుండు ఎత్తుతూ.