గద్ద చూడని మొహం

పోలీస్ స్టేషన్లో వాళ్లిద్దరినీ సుత్తి, గద్ద అనేవారు. అతను అడుగుతాడు. అడిగిందే అడిగి ఎదుటివాడి ప్రాణం తోడేస్తాడు. ఆమె నోరు విప్పదు, ఎదుటివాడి మొహం మీంచి కళ్లు తిప్పదు. బయటికొచ్చాక ఏం చూసిందో తన చేత్తో రాస్తుంది. ఆ కాగితం మీదే కేసు నడుస్తుంది. ఆరేళ్లుగా ఇదే పద్ధతి.

గోడౌన్ యజమాని హత్య కేసులో ఆమె ఒకే ముక్క రాసింది: "శవం పక్కన దొరికిన తాళంచెవి చూపించినప్పుడు హతుడి బావమరిదిలో ఏ మార్పూ లేదు." ఇక గోడౌన్ తాళాలు తీసేది ఇంకెవరంటూ వాచ్‌మన్‌ని లోపలేశారు. లేనివాణ్ణి లోపలెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?

నాలుగు రోజులైంది. వాచ్‌మన్ భార్య వరండా బెంచీ మీంచి కదల్లేదు. గద్దకు ముద్ద దిగడం లేదు.

"ఏంటి మేడమ్, అన్నం మీద అలిగారా?" అన్నాడు సుత్తి.

"నేను చూడలేదు."

"దేన్ని?"

"ఆ బావమరిది మొహం. నువ్వు తాళంచెవి బల్ల మీద పెట్టినప్పుడు నేను నిన్ను చూస్తున్నా."

"నన్నెందుకు?" తెలిసే అడిగాడు.

"గడ్డం గీసుకుంటూ చెవి కింద కోసుకున్నావు. తుడవాలనిపించింది. చెయ్యి బిగబట్టుకుని కూర్చున్నా. తల తిప్పేసరికి వాడు మంచినీళ్లు తాగుతున్నాడు. మార్పు లేదని రాసి పారేశా."

సుత్తి తన అన్నం డబ్బా మూత పెట్టేశాడు. "కొత్త అనుమానం వచ్చిందని వాణ్ణి మళ్లీ పిలిపిద్దాం. ఇదెవరికీ తెలియక్కర్లేదు."

"లాయరు పాత కాగితం మన మొహాన కొడతాడు. అది తప్పని నేనే రాయాలి."

"రాస్తే మనల్ని విడదీస్తారు. ఆరేళ్లు నేను నోరెందుకు కుట్టుకున్నాననుకున్నావ్? నా పక్క కుర్చీ పోతుందనే కదా!"

అతని నోట వచ్చిన ప్రేమమాట అదొక్కటే. ఎంత పాడు వేళకు వచ్చింది!

"మన కుర్చీల కోసం ఆ వాచ్‌మన్ కటకటాల్లో కూర్చోవాలా?"



ఆమె రాసింది: "ఆ క్షణంలో నేను హతుడి బావమరిదిని చూడలేదు. నా తోటి అధికారిని చూస్తున్నాను."

"రెండో వాక్యం కొట్టెయ్యరాదూ?"

"మరి ఎటు చూశావంటారు. మళ్లీ అబద్ధంతోనే మొదలుపెట్టనా?"

అతను కింద సంతకం చేసి, తనే స్టేషన్ పెద్దాయన గదిలోకి పట్టుకెళ్లాడు.

సాయంత్రం బావమరిదిని మళ్లీ కూర్చోబెట్టారు. గద్ద స్థానంలో వేరే అధికారి. ఆమెను లోపలికి రానివ్వలేదు. వెళ్లి వాచ్‌మన్ భార్య పక్కన కూర్చుంది. తలుపు వెనక సుత్తి గొంతు అడిగిందే అడుగుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

సుత్తి తలుపు తీసుకుని వచ్చాడు.

"వాడు ఒప్పుకున్నాడక్కా. పొద్దున్నే కోర్టులో కాగితం పెడతాం. మీ ఆయన ఇంటికొచ్చేస్తాడు."

ఆవిడ నమ్మలేదు. మళ్లీ చెప్పించుకుంది. తర్వాత కటకటాల వైపు పరుగెత్తింది.

ఖాళీ అయిన చోట సుత్తి కూర్చున్నాడు.

"బదిలీ నీకేనట."

"ఏ ఊరు?"

"ఇంకా రాయలేదు," అన్నాడు. లేవలేదు.