కింద ఉన్న నంబరు

అతన్ని అందరూ సుత్తి అనే పిలుస్తారు. వాగుడుకాయ అనుకునేరు, రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. సొట్టలు పడ్డ కార్లను సుత్తితో సాపు చేసే టింకరింగ్ పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు, అందుకని ఆ పేరు. అలాంటివాణ్ణి ఆదివారం మధ్యాహ్నం పనిగట్టుకుని పిలిపించి, బావ తన భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టాడు. బల్ల మీద లాప్‌టాప్, దాంట్లో ముదురాకుపచ్చ రంగు పాతకాలపు కారు. ఆన్‌లైన్ వేలం నాలుగింటికి ముగుస్తుంది. ఇంకా నలభై నిమిషాలుంది.

బావకు మందుల షాపు. చీటీ మీద పేరూ సీసా మీద పేరూ రెండుసార్లు చదివితే గాని మందు చేతికివ్వడు. బావ తండ్రి ఒకప్పుడు ఇలాంటి కారుకే డ్రైవరు. రోజూ దాన్ని అద్దంలా తుడిచేవాడు గాని కొడుకును ఒక్కనాడూ ఎక్కించుకోలేదు. ఎక్కించుకుంటే యజమాని ఊరుకోడు. ఆ వెనక సీట్లో దర్జాగా కూర్చోవాలన్న కోరిక బావకు యాభై దాటినా చావలేదు. దాచుకున్నదంతా దీనికి పెట్టడానికి సిద్ధపడ్డాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదోయ్ నేను," అంటూ నోటుపుస్తకం తెరిచాడు. "అమ్మేవాడితో వీడియోలో మాట్లాడాను. కారు అడుగుభాగం కూడా చూపించమన్నాను. డబ్బు నేరుగా నా ఖాతాలో వేసెయ్యండి, తగ్గిస్తానన్నాడు, కుదరదన్నాను. బండి నా చేతికొచ్చేదాకా డబ్బు వేలంవాళ్ళ దగ్గరే ఉంటుంది. కాగితాల్లో నంబరూ ఛాసిస్ మీద నంబరూ అంకె అంకె సరిచూశాను. ఇంక మిగిలింది నీ కన్నొక్కటే."

"వాడు బాగుందంటే బాగున్నట్టే," అంది అక్క, పక్కనే ఇస్త్రీ చేసుకుంటూ. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. వాడి చేతిపనికి ఎవరైనా వంక పెడితే వాళ్ళ దుమ్ము దులిపేది.

సుత్తి ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. రంగు బాగుంది, తలుపులు చక్కగా అమరాయి. ఆ మాటే చెప్పాడు. తర్వాత ఛాసిస్ నంబరు ఫొటో వచ్చింది. అందులో మూడు అంకెకు కింది కొస లేదు.

ఆ కొస ఎలా పోయిందో అతనికి తెలుసు. ఇనుము మీద అంకెలు కొట్టే పంచ్‌లు అతని షెడ్డులో ఒక పెట్టెడున్నాయి. వాటిలో మూడుది ఒకసారి దాగలి దిమ్మ మీద పడి విరిగింది. కొత్తది కొనడానికి బద్ధకించి దాన్నే వాడుతూ వచ్చాడు.

రెండేళ్ళ కిందట ఒక బ్రోకరు ఈ కారునే తెచ్చాడు. అప్పుడిది తెల్లది. నంబరు తుప్పు పట్టి కనబడటం లేదు, కాగితాలు చూసి మళ్ళీ కొట్టమన్నాడు. తుప్పూ లేదు, పాడూ లేదు. కాగితాల్లో ఉన్నది కాక వేరే నంబరు నిక్షేపంలా కనబడుతోంది. ఎక్కడిదని అడిగితే పని చెయ్యిజారిపోతుందని సుత్తి అడగలేదు. గ్రైండరు పెట్టి చెరిపేశాడు, కొత్త నంబరు కొట్టాడు, పైన ఆకుపచ్చ రంగు వేశాడు. దొంగబండి అని పోల్చుకోలేనంత పసివాడేమీ కాడు.

"వద్దు బావా," అన్నాడు.

"ఎందుకని?"

"రంగు కింద తుప్పుంటుంది."

"ఎక్కడుందో చూపించు."

చూపించలేకపోయాడు. తలుపులు సరిగా లేవన్నాడు. ఇందాక బాగున్నాయన్నది నువ్వే కదా అన్నాడు బావ. పాత బండి బాగోగులు ఎవరు చూస్తారన్నాడు. నువ్వున్నావుగా అన్నాడు బావ. ప్రతి సాకూ నోట్లోంచి రాగానే చచ్చిపోయింది.

"ఏంటోయ్, నేను కారెక్కితే నీకు కడుపునొప్పా?" బావ నవ్వుతూనే అన్నాడు. గోడ గడియారం చూసి, తను పాడదలచిన మొత్తం టైపు చేసి పెట్టుకున్నాడు. నొక్కడమే తరువాయి. "ఈ వేలాల్లో దొంగలుంటారని నాకు తెలియదనుకున్నావా? నంబర్లు కలిశాక ఇంక దొంగ ఎక్కణ్ణించొస్తాడు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సుత్తి కుర్చీలోంచి లేచాడు.

"ఆ నంబరు నేనే కొట్టాను బావా."

ఇస్త్రీపెట్టె ఆగింది. బ్రోకరు, తెల్ల రంగు, గ్రైండరు, ఏదీ దాచకుండా చెప్పాడు. అన్ని మాటలు ఒక్కసారిగా అతను ఎన్నడూ మాట్లాడి ఉండడు. బావ తిట్టలేదు. తిట్టినా కాస్త హాయిగా ఉండేది. టైపు చేసినదాన్ని ఒక్కొక్క అంకే చెరిపేసి, తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగయింది. కారును ఇంకెవరో పాడుకున్నారు.

"నువ్వు చెరిపేసిన నంబరు," అన్నాడు బావ కాసేపటికి. "అది తెలిస్తే అసలు యజమాని ఎవరో తేలుతుంది. ఇప్పుడు పాడుకున్నవాడు కూడా డబ్బు కట్టకముందే ఆగుతాడు. పాపం, వాడికి నీలాంటి బావమరిది ఉండడు కదా. గుర్తుందా?" పుస్తకంలో తెల్లకాగితం తిప్పి, పెన్ను మూత తీసి ముందుకు జరిపాడు.

గుర్తుంది. గ్రైండరు కింద ఏ అంకె తర్వాత ఏ అంకె పోయిందో కూడా గుర్తుంది. కానీ రాసిస్తే పోలీసులు నేరుగా షెడ్డుకే వస్తారు. షెడ్డుకు తాళం పడుతుంది, తను లోపలికి పోతాడు.

"రెండేళ్ళయింది బావా. గుర్తులేదు."

బావ నిట్టూర్చాడు. నమ్మినట్టే ఉన్నాడు. పెన్ను మూత కోసం చెయ్యి చాపాడు.

"మూత పెట్టకండి," అంది అక్క. "చిన్నప్పుడు వీధిలో పోయిన ప్రతి బండి నంబరూ సాయంత్రానికి నాకు అప్పజెప్పేవాడు. ఒక్క అంకె పొల్లు పోయేది కాదు. వాడికి గుర్తుంటుంది."

ఆ మాట భర్తతోనే అంది. తమ్ముడి మొహం చూడలేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి అక్క తన పక్షాన మాట్లాడకపోవడం సుత్తికి అదే మొదటిసారి. అతను పెన్ను అందుకున్నాడు.