తూనిక వాటా

సలహా అడిగినవాడికి ఒకటి ఇచ్చేవాడు, అడగనివాడికి రెండు ఇచ్చేవాడు. అందుకే వీధిలో అందరూ అతన్ని గురువు అనేవారు. ఆ పిలుపులో గౌరవం పావు వంతు, వెక్కిరింత ముప్పావు వంతు అని అతనికి తెలుసు. తెలిసే పలికేవాడు. గాలాలు, దారాలు, బెండ్లు, రీళ్ళు అమ్మే చిన్న దుకాణం అతనిది. సరుకు కొనకపోయినా ఫరవాలేదు కానీ అతని మాట వినకుండా గడప దాటడం మాత్రం ఎవరి తరమూ కాదు.

"గాలి మొహాన కొడుతుంటే చిరాకు పడకండి," అనేవాడు. "గాలి ఎటు తోస్తే నీళ్ళలో తిండి అటు కొట్టుకొస్తుంది. తిండి ఎక్కడుంటే చేప అక్కడ. వీపుకి గాలి తగిలేలా హాయిగా కూర్చున్నవాడు హాయిగా ఖాళీ చేతులతో ఇంటికెళ్తాడు."

తుపాకి పట్టుకుని అడవికి పోయేవాళ్ళంటే అతనికి ఒళ్ళు మంట. వాళ్ళలో ఎవరైనా పొరపాటున దుకాణంలోకి వస్తే చాలు, పట్టుకునేవాడు. "మీరు కొట్టింది మళ్ళీ లేచి వెళ్ళదు. గాలం వేసేవాడికి మనసు మార్చుకోవడానికి టైముంటుంది. మాదే మర్యాదైన వేట." ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఇప్పుడు గుర్తొస్తే నాలుక కరుచుకోవాలనిపిస్తుంది.

దుకాణం బయట ఒక నల్లబోర్డు ఉండేది. ప్రతి శనివారం పొద్దున్నే దాని మీద సుద్దతో ఒక చిట్కా రాసేవాడు. ఆదివారం నీళ్ళ దగ్గరకు వెళ్ళేవాళ్ళంతా ముందు ఆ బోర్డు చూసి వెళ్ళేవారు. అతను రాసినవాటిలో అందరికీ నచ్చినది ఒకటుంది. 'పట్టి వదిలేసేవాళ్ళకు: చేతులు తడుపుకుని పట్టుకోండి. చేప నీళ్ళ బయట ఉన్నంతసేపూ మీరూ ఊపిరి బిగపట్టండి. మీకు ఆడనప్పుడు దానికీ ఆడదు.'

ఆ చిట్కా నిజానికి అతనిది కాదు, బావది. అతని చిట్కాల్లో సగం బావ నోట్లోంచి ఊడిపడినవే. అక్క మొగుడు లిఫ్టు మెకానిక్కు. వారం పొడుగునా చీకటి గోతుల్లో ఇనుప తాళ్ళ మధ్య కీచుమనే చప్పుళ్ళు వింటూ బతికే మనిషికి ఆదివారం నీళ్ళ దగ్గర కూర్చుంటే తప్ప ప్రాణం కుదుటపడేది కాదు. ఎప్పుడూ ఒక్కడే వెళ్ళేవాడు, ఒకే చోటికి వెళ్ళేవాడు. చెరువు ఉత్తరపు గట్టున పాడుబడ్డ ఇటుకల పంపుహౌసు ఉంది. దాని వెనక రెండు మెట్లు నీళ్ళలో మునిగి ఉంటాయి. అక్కడ, వానకాలువ వచ్చి కలిసే చోట, ఒక ముసలి బంగారుతీగ చేప ఉండేది. ఎప్పుడో ఎవరి గాలమో లాగేయడంతో దాని ఎడమ పెదవి చీలిపోయి ఉండేది. బావ దాన్ని పెద్దాయన అనేవాడు. తొమ్మిదేళ్ళుగా ఏడాదికి ఒకసారో రెండుసార్లో పట్టేవాడు, వదిలేసేవాడు. గాలం మొన పక్కనుండే ఎదురు ముల్లుని ముందే ప్లయర్‌తో నొక్కేసేవాడు, తీసేటప్పుడు నోరు చిరగకుండా. ఒక్కసారి కూడా తూచలేదు. "తూస్తే వాడికి నొప్పి, నాకు గొప్ప. ఎందుకొచ్చిన గోల," అనేవాడు.

అయిదేళ్ళ కిందట గురువుని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు నవ్వుతూనే అన్నాడు, "ఈ చోటు నీ కడుపులో పెట్టుకో. బోర్డు మీద పెట్టకు."

అయిదేళ్ళు కడుపులోనే పెట్టుకున్నాడు. ఆ మాత్రం మెప్పు అతనికి ఇవ్వాలి.

తర్వాత వీధి ఆ చివర ఇంకో దుకాణం తెరిచారు. అద్దాల తలుపులు, లోపల ఏసీ, గోడంతా వెలిగే టీవీ. శనివారాలు గురువు బోర్డు ముందు ఆగేవాళ్ళు తగ్గిపోయారు. ఒక శనివారం సుద్దముక్క పట్టుకుని నిలబడితే రాయడానికి ఏమీ తోచలేదు. ముందురోజు రాత్రి వాన పడింది. వెనక నుంచి ఎవరో, "గురువుగారి సరుకు అయిపోయినట్టుంది," అన్నారు. అంతే, రోషం పొడుచుకొచ్చింది. గబగబా రాసేశాడు. 'కొత్త నీరు టీ రంగులో దిగుతున్నప్పుడు, వానకాలువ కలిసే చోట, మునిగిన మెట్ల పక్కన, ఉడికించిన మొక్కజొన్న గింజలు మూడు గుచ్చి, అడుగుకి మూరెడు పైన వేలాడదీయండి. పాత ఇటుక గోడ నీడ నీళ్ళ మీద ఉండగానే కూర్చోండి. పెద్ద తలకాయలు అక్కడే ఉంటాయి.'

ఊరు పేరు రాయలేదు, గట్టు పేరు రాయలేదు, పంపుహౌసు అన్న మాటే రాయలేదు. తను గుట్టు కాపాడాననే అనుకున్నాడు. గాలం వేసేవాళ్ళందరికీ ఉండే పిచ్చి ఇది. పేరొక్కటి దాచి మిగతావన్నీ చెప్పేస్తారు. ఆ చెరువు గట్ల మీద ఇటుక గోడ అంటే పంపుహౌసుది ఒక్కటే. మునిగిన మెట్లూ ఒక్కచోటే ఉన్నాయి.

మర్నాడు ఆదివారం పది గంటలకు బ్యాంకు క్యాషియరు తడిసిన గోనెసంచి భుజాన వేసుకుని దుకాణంలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "మీ బోర్డు చలవే, గురువుగారూ. తూచండి."

సంచి విప్పేసరికి ఎడమ పెదవి కనిపించింది.

గురువు చేతులు వాటంతటవే పనిచేశాయి. కాటా కొక్కేనికి తగిలించాడు, ముల్లు నిలిచేదాకా ఆగాడు, పదకొండు కిలోల మూడు వందలని చెప్పాడు. ఆ దుకాణంలో పది కిలోలు దాటిన చేపని తూస్తే మూడు పనులు జరగాలి. బోర్డు మీద పేరు రాయాలి, ఫొటో తీసి గోడకి తగిలించాలి, పట్టినవాడు అరకిలో ముక్క కోసి తూచినవాడికి ఇవ్వాలి. దాన్ని తూనిక వాటా అంటారు. గురువు ఫొటో తీశాడు. పేరు మాత్రం తర్వాత రాస్తానన్నాడు. క్యాషియరు అక్కడికక్కడే ముక్క కోసి కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. వద్దంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్పే ధైర్యం లేదు. తీసుకున్నాడు.

ఆ పొద్దున బావ అక్కడ లేడు. ఆసుపత్రి లిఫ్టు మూడో అంతస్తులో ఇరుక్కుందని తెల్లారకముందే పిలిపించారు.

గురువు ఆ పొట్లం తీసుకెళ్ళి ఇంట్లో ఫ్రిజ్జులో పెట్టి, ఒంట్లో బాగాలేదని పడుకున్నాడు. చెత్తలో పారేసి ఉండాల్సింది. పారేయడానికి కూడా మనసు రాలేదు, అది మరీ అవమానమనిపించింది. భార్యకి ఇవేమీ తెలియదు. మంచి చేప ముక్క కనిపించింది, వేయించింది, ఎప్పటిలాగే సగం డబ్బాలో పెట్టి రెండు వీధుల అవతల ఉన్న వదినగారింటికి పంపింది. సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ముక్కలు ఎంత బావున్నాయో మీ ఆవిడకి చెప్పరా. చేప కాస్త ముదురే అంటున్నారు మీ బావ. అయినా మళ్ళీ వడ్డించుకుని తిన్నారు."

గురువు ఫోను పెట్టేసి బాత్రూములోకి వెళ్ళి నీళ్ళు వదిలి చాలాసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాత రెండు నెలలు ప్రతి రోజూ, రేపు చెప్పేద్దామనుకున్నాడు. బోర్డు మీద చిట్కాలు రాయడం మానలేదు, కానీ అవన్నీ దారం ముడుల గురించీ, రీలుకి నూనె పెట్టడం గురించే. ఫొటో కడిగించాడు, వెనక తేదీ, బరువు వేశాడు, బల్ల సొరుగులో పడేశాడు. క్యాషియరు వారానికోసారి వచ్చి గోడ వైపు చూసేవాడు. "నా ఫొటో ఏమైంది గురువుగారూ?" అంటే పెద్దది చేయిస్తున్నాననేవాడు. "ఎంత పెద్దదండీ, గోడంతానా?" అని క్యాషియరు నవ్వేవాడు.

ఒకసారి అక్క ఇంటికి వెళ్తే బావ అన్నాడు, "ఈమధ్య పంపుహౌసు దగ్గర జనం పోగవుతున్నారు. ఎవడు చెప్పి చచ్చాడో." గురువు మంచినీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు దించకుండా మొత్తం తాగేశాడు.

మూడో నెల మొదటి శనివారం, ఇంకా దుకాణం తలుపు సగమే తీసి ఉండగా, బావ వచ్చాడు. రెండు కర్రలూ, రీళ్ళ పెట్టే, మడత కుర్చీ అన్నీ మోసుకొచ్చాడు. బల్ల మీద పెట్టాడు.

"ఎవరికైనా ఇచ్చెయ్."

"ఏమైంది బావా?"

"నాకిక చేతకాదు." బావ మడత కుర్చీ విప్పుకుని దాంట్లోనే కూర్చున్నాడు. "పెద్దాయన్ని నేను చంపేశాను రా."

గురువుకి అర్థం కాలేదు. బావ నేల చూస్తూ చెప్పాడు. మనవరాలికి ఆరేళ్ళు నిండాయని ఒక ఆదివారం వెంట తీసుకెళ్ళాడట. ఆ రోజే పెద్దాయన పడ్డాడు. పిల్ల సంబరం చూసి ఫొటో తీద్దామనుకున్నాడు. ఒకటి సరిగా రాలేదు, ఇంకోటి తీశాడు. పిల్ల ముట్టుకుంటానంది, గచ్చు మీద పడుకోబెట్టాడు, పొడిగచ్చు. పిల్ల వంగి చేప నుదుటి మీద ముద్దు పెట్టింది.

"అప్పటికే నాకు ఊపిరి ఆడటం లేదు. నేను చెప్పిన మాటే, నీ బోర్డు మీద అక్షరాలతో సహా గుర్తొచ్చింది. అయినా మూడో ఫొటో తీశాను. వదిలితే తిన్నగా పోలేదు రా. ఒక పక్కకి ఒరిగిపోయి కిందికి దిగాడు. ఆ తర్వాతి వారం లిఫ్టు పని పడింది. అక్కణ్ణించి ఒక్కసారి కూడా కనపడలేదు. తొమ్మిదేళ్ళు నన్ను నమ్మి నా చేతుల్లోకి వచ్చినవాణ్ణి ఫొటో కోసం చంపేశాను. రాత్రి పడుకుంటే ఆ ఒరిగిపోవడమే కనిపిస్తోంది."

లిఫ్టు తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన ఆ చేతుల్ని బావ ఒళ్ళో బోర్లించి పెట్టుకున్నాడు. గురువు వాటినే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ తన భయం గురించే ఆలోచించాడు. తను మోయాల్సినదాన్ని ఇంకొకడు మోస్తున్నాడని ఒక్కసారైనా అనుకోలేదు. సొరుగు లాగి ఫొటో తీసి బావ ముందు పెట్టాడు.

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెదవి చూశాడు.

"నువ్వు చంపలేదు బావా. నేనే. ఆ చోటు బోర్డు మీద రాసింది నేను. పేరు రాయలేదు, మిగతావన్నీ రాశాను. మర్నాడే పట్టేశారు. నువ్వు లిఫ్టు పని మీద వెళ్ళిన ఆదివారం."

తిడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. బావ ఫొటోని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు.

"అయితే ఆ రోజు బతికే వెళ్ళాడన్నమాట," అన్నాడు చివరికి. "వారం రోజులు బతికాడు. తిండి కూడా తిన్నాడు, లేకపోతే గాలానికి పడడుగా." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "బోర్డు మీద పెట్టొద్దన్నాను. పెట్టావు. పోన్లే. కనీసం ఇప్పుడైనా చెప్పావు."

గురువుకి అక్కడితో ఫొటో వెనక్కి తీసేసుకోవాలనిపించింది. తీసుకుని ఉంటే బావ ఆ కర్రలు మళ్ళీ ఇంటికి పట్టుకెళ్ళేవాడేమో. మనసు మార్చుకోవడానికి టైముంటుందని చెప్పుకునే మనిషి, ఆ టైములో ఏమీ చేయకుండా నిలబడ్డాడు.

బావ ఫొటో తిప్పి వెనక రాసినది చదివాడు. తేదీ, దాని కింద బరువు. "పదకొండు మూడు వందలు," అన్నాడు మెల్లగా. "నేనెప్పుడూ తూచలేదు." మళ్ళీ తేదీ చూశాడు. ఈసారి ఎక్కువసేపు చూశాడు.

"తూనిక వాటా ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"ఆ రోజు సాయంత్రం మీ ఇంటినుంచి డబ్బా వచ్చింది."

గురువు తల ఊపాడు. బయట వీధిలో ఎవరో షట్టరు ఎత్తుతున్నారు.

"మళ్ళీ వడ్డించుకుని తిన్నాను," అన్నాడు బావ.

లేచి నిలబడ్డాడు. కుర్చీ మడిచి జాగ్రత్తగా మిగతా సామాను పక్కన ఆనించాడు. గడప దాకా వెళ్ళి ఆగాడు, వెనక్కి తిరగలేదు.

"పిల్లకి మాత్రం ఎప్పుడూ చెప్పకు. ముళ్ళు తీసి నేనే తినిపించాను."

ఫొటో చేతిలోనే పట్టుకుని వీధిలోకి దిగిపోయాడు.

తొమ్మిదిన్నరకు ఇద్దరు ముగ్గురు బోర్డు ముందు చేరారు. వాళ్ళలో క్యాషియరు కూడా ఉన్నాడు. గురువు తడిగుడ్డ తెచ్చి బోర్డు మొత్తం తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. కాసేపు చూసి క్యాషియరే అడిగాడు.

"రేపటికేం చెబుతారు గురువుగారూ?"

గురువు బోర్డుని మేకు మీంచి ఎత్తి, చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు.